రొయ్య రేట్ల పక్కన కాలువ నీటి లెక్క కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో రోజూ వనామీ రొయ్య రేట్లు వస్తాయి. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. 30 కౌంట్ ఎంత, 100 కౌంట్ ఎంత, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంత. కావలి నుంచి వాకాడు దాకా, అటు సింగరాయకొండ, కొత్తపట్నం వైపు కూడా, టీకొట్టు దగ్గర రైతు ముందు వెతికేది ఆ పెట్టెనే. వానలు మొదలవగానే దాని పక్కన రొయ్యలకు వైరస్ అన్న వార్త వస్తుంది. ఏ మందు చల్లాలో కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఆ రొయ్య ఏ నీళ్లలో ఉంది, ఆ నీళ్లు ఎవరి గుంట నుంచి వచ్చాయి అన్నది మాత్రం రేట్ల పెట్టెలోనూ ఉండదు, మందుల సలహాలోనూ ఉండదు. ఆ లెక్క కూడా అచ్చువేయమని అడగడానికే ఈ ఉత్తరం. కారణాలు కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఉత్తరం పెద్దదైతే మన్నించండి.

రొయ్యల గుంటను చాలామంది తొట్టి అనుకుంటారు. నీళ్లు పెట్టి, సీడ్ (రొయ్య పిల్లలు) వదిలి, మేత చల్లితే నాలుగు నెలలకు సరుకు చేతికొస్తుందని లెక్క. కానీ ఆ గుంట ఒక ఊరైతే రొయ్య అందులో ఒక ఇంటివాడు మాత్రమే. నీటికి రంగు తెచ్చే సూక్ష్మ నాచు ఉంటుంది. దాన్ని తినే సూక్ష్మ జీవులు ఉంటాయి. అడుగున మిగిలిపోయిన మేతను, రెట్టను, విడిచిన పెంకును కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఉంటుంది. పగలు ఎండ ఉన్నంతసేపు నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది, పొద్దుగూకాక అదీ పీల్చుకునేదే. గుంటలోని ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం ఖర్చయ్యేది రొయ్యల ఊపిరికి కాదు, నాచుకు, అడుగు బురదకు. అందుకే మధ్యాహ్నం 3 గంటలకు లీటరుకు 9 మిల్లీగ్రాములు చూపించిన మీటరు తెల్లవారుజామున 5 గంటలకు 3 చూపించవచ్చు. పగలు ఒక్కసారి కొలిచి ‘డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) బాగుంది’ అని రాసుకున్న పుస్తకానికి విలువ లేదు. కొలవాల్సింది కోడి కూసే వేళ. 4 కన్నా తగ్గితే రొయ్య మేత తగ్గించి ఎదుగుదల ఆపేస్తుంది. 3 కన్నా తగ్గితే నీరసించి రోగానికి లొంగుతుంది. 2 కన్నా పడితే గట్టువార తేలడం మొదలవుతుంది. గుంటలో ఉన్న ప్రతి 400 నుంచి 500 కిలోల రొయ్యకు ఒక హార్స్‌పవర్ ఏరేటర్ (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రం) అన్న మోటు లెక్క ఈ తెల్లవారుజాము కోసమే పుట్టింది.

ఇప్పుడు మేత సంగతి. టన్ను రొయ్య తీయాలంటే మేత దాదాపు 1,400 కిలోలు పడుతుంది. అందులో మాంసకృత్తులు నూటికి 35 అనుకుంటే నత్రజని 78 కిలోలు లోపలికి వెళ్లినట్టు. రొయ్య ఒంట్లో చేరి లారీ ఎక్కేది 30 కిలోల లోపే. మిగిలిన 50 కిలోలూ గుంట నీటిలోనో, అడుగు బురదలోనో ఉంటాయి. వరి రైతుకు అర్థమయ్యే మాటలో చెప్పాలంటే, అమ్మిన ప్రతి టన్నుకూ రెండు బస్తాల యూరియాకు పైగా గుంటలో కుమ్మరించినట్టు. పొలంలో అంత యూరియా పడితే పైరు నల్లబడి పడిపోతుంది. గుంటలో పడితే నాచు చిక్కబడి ఒక రోజు హఠాత్తుగా చచ్చిపోతుంది. నీరు ఉన్నట్టుండి తేటబడి, ఏరేటర్ దగ్గర నురగ తెగకుండా నిలిచిందంటే బ్లూమ్, అంటే చిక్కబడిన ఆ నాచు, కూలిపోయిందనే అర్థం. చచ్చిన నాచును కుళ్లబెట్టడానికే ఆ రాత్రి ఆక్సిజన్ చాలదు. నలుపు తెలుపు రంగులు వేసిన సెకీ పళ్లెం నీళ్లలో 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతున కనుమరుగైతే రంగు సరిగ్గా ఉన్నట్టు. 20కే కనబడకుండా పోతే మేత తగ్గించి నీళ్లు కొంత మార్చాలి. ఆ నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, వదిలినవి ఎక్కడికి పోతాయి అన్నది తర్వాత చెబుతాం.

ఈ నత్రజనిలో ఎక్కువ భాగం ముందు అమ్మోనియాగా బయటపడుతుంది. నీటి పరీక్ష కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. మొప్పల్ని కాల్చేది అందులో ఒక భాగం మాత్రమే, ఆ భాగాన్ని నిర్ణయించేది పీహెచ్ (నీటి పులుపు, క్షార గుణాలను చెప్పే అంకె). మన వేడికి, ఉప్పునీళ్లకు పొద్దున పీహెచ్ 7.8 ఉన్నప్పుడు విషపు అమ్మోనియా మొత్తంలో నూటికి నాలుగు పాళ్లు. నాచు బొగ్గుపులుసు వాయువును లాగేసుకోవడంతో మధ్యాహ్నానికి పీహెచ్ 8.8కి ఎక్కితే అదే పాతిక దాటుతుంది. కిట్‌లో రంగు మారలేదు, విషం ఏడింతలైంది. ఇది తెలియక అమ్మోనియా ఎక్కువుందని పట్టపగలు సున్నం చల్లేవాళ్లున్నారు. సున్నంతో పీహెచ్ ఇంకా ఎక్కుతుంది, మిగిలిన పని అమ్మోనియా చూసుకుంటుంది. సున్నం వేయాలంటే రాత్రి పొద్దుపోయాక, పీహెచ్ దిగుతున్నప్పుడే వేయాలి. పగలు, రాత్రి పీహెచ్ తేడా అర పాయింటు మించితే తప్పు మేతలోనో నాచులోనో ఉంది.

మన జిల్లాలకు పెద్ద వాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తక్కిన రాష్ట్రం వాన అయిపోయిందనుకునే వేళకు మనకు మొదలవుతుంది, పైనుంచి వచ్చే సలహాలు ఆ తేడాను పట్టించుకోవు. పది సెంటీమీటర్ల వాన ఎకరం గుంటలో పడితే 4 లక్షల లీటర్ల మంచినీళ్లు వచ్చి చేరినట్టు. మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు. రెండూ కలవకుండా పొరలుగా నిలుస్తాయి. పై పొరలో ఆక్సిజన్ ఉంటుంది, రొయ్య ఉండేది అడుగున. మబ్బు రెండు మూడు రోజులు పట్టిందంటే నాచు కూడా చేయి ఎత్తేస్తుంది. వాన పడుతుండగానే అవుట్‌లెట్‌లో నీళ్లను ఆపే పలకల్లో పైవి తీసి పైపొర నీళ్లు పోనివ్వాలి, అడుగు పలకలు కదల్చకూడదు. ఏరేటర్లు పగలు కూడా తిరగాలి. మేత సగానికి తగ్గించాలి, ఎండ వచ్చిన రోజే పూర్తి మేతకు పోకూడదు. వాన నీటిలో క్షారత (పీహెచ్ ఊగిపోకుండా ఆపే గుణం) దాదాపు ఉండదు, అది కలిస్తే గుంటలో క్షారత పడిపోతుంది గనక వాన వెలిసిన రాత్రి ఎకరాకు 50 నుంచి 100 కిలోల డోలమైట్ (ఒక రకం సున్నపురాయి పొడి) వేయాలి. అమావాస్యకో పౌర్ణమికో రొయ్యలు గుంపుగా పెంకు విడిచే రోజున ఈ వాన తగిలితే నష్టం రెట్టింపు. పెంకు విడిచిన రొయ్యకు ఆక్సిజనూ ఎక్కువ కావాలి, ఖనిజాలూ ఎక్కువ కావాలి.

ఖనిజాల మాట వచ్చింది కనుక ఒక్కటి. ఏ ప్రాణికైనా అవసరమైన వాటిలో ఏది అన్నింటికన్నా కొరవడిందో అదే ఎదుగుదలను ఆపుతుంది. అన్నం, కూర ఎంత వండినా ఉప్పు లేకపోతే విస్తరి ముందు కూర్చున్నవాడు లేచిపోతాడు. సముద్రం నీళ్లలో సోడియం 28 పాళ్లకు పొటాషియం ఒక పాలు ఉంటుంది. బోరు ఉప్పునీళ్లలో ఆ పొటాషియాన్ని బంకమట్టి పట్టేసుకుంటుంది. సెలినిటీ (ఉప్పదనం) మీటరు 5 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ల నీటిలో 5 పాళ్ల ఉప్పు, చూపిస్తుంది, రొయ్య మాత్రం పెంకు గట్టిపడక ఒకదాన్నొకటి తింటుంది. 5 పీపీటీ దగ్గర లీటరుకు 53 మిల్లీగ్రాముల పొటాషియం ఉండాలి. నాలుగడుగుల లోతు ఎకరం గుంటలో దాన్ని 10 మిల్లీగ్రాములు పెంచాలంటే దాదాపు 100 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ పడుతుంది. దుకాణంలో ‘మినరల్ మిక్స్’ పేరుతో ఐదు కిలోల డబ్బా కొనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఇక బ్లీచింగ్. నీళ్లు పెట్టాక 60 పీపీఎం (లీటరుకు 60 మిల్లీగ్రాములు) బ్లీచింగ్ పౌడర్ వేయడం మంచి అలవాటే. నాలుగడుగుల ఎకరం గుంటకు దాదాపు 300 కిలోలు. ముందు సున్నం వేసి తర్వాత బ్లీచింగ్ వేస్తే సగం డబ్బు నీళ్లపాలు, పీహెచ్ పెరిగేకొద్దీ క్లోరిన్ బలం తగ్గిపోతుంది. అసలు తప్పు ఆ తర్వాత జరుగుతుంది. క్లోరిన్ మంచీ చెడూ చూడకుండా అందరినీ చంపుతుంది, గుంట ఖాళీ ఇల్లవుతుంది. ఖాళీ ఇంట్లోకి ముందు దూరేది ఎవరు? వేగంగా పెరిగేవాళ్లే. అనుకూలిస్తే రోగం తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా అరగంట లోపే రెట్టింపవుతుంది, మేలు చేసే బ్యాక్టీరియాకు, డయాటమ్ నాచుకు రోజులు కావాలి. క్లోరిన్ వాసన పోగానే నాలుగో రోజే సీడ్ వదిలారంటే పిల్లల్ని విబ్రియోకు అప్పజెప్పినట్టే. క్లోరిన్ పూర్తిగా పోయాక ఎకరాకు 20 కిలోల తవుడు, 5 కిలోల బెల్లం రెండు రోజులు పులియబెట్టి చల్లి, పది పన్నెండు రోజులు నీళ్లను ముదరనిచ్చి, లేత గోధుమ రంగు వచ్చాక సీడ్ దింపాలి. ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) ప్యాకెట్లు పనిచేసేదీ చేయనిదీ ఇక్కడే తేలుతుంది. తినడానికి ఏమీ లేని చోట ఏ బ్యాక్టీరియా కాపురం పెట్టదు.

ఈహెచ్‌పీ అన్న పరాన్నజీవి (రొయ్యను ఎదగనివ్వనిది) తగిలిన గుంటలో బ్లీచింగ్ సరిపోదు. దాని బీజాలు అడుగు మట్టిలో దాక్కుంటాయి. గుంట ఎండగట్టి, ఎకరాకు 2.4 టన్నుల చొప్పున కాల్చిన సున్నం చల్లి, నాలుగైదు అంగుళాల లోతు దున్ని, తడపాలి. అప్పుడే మట్టి పీహెచ్ 12కు చేరి బీజం చస్తుంది. తడపకుండా వదిలేస్తే సున్నం గాలిని తాగి సుద్దయిపోతుంది.

ఇంతవరకూ చెప్పింది గట్టు లోపలి సంగతి. ఎంత బాగా చేసినా గట్టు బయట ఒక కాలువ ఉంది. కావలి, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో చాలా గుంటలకు నీళ్లు వచ్చేదీ పోయేదీ ఉప్పుటేరుల్లోంచి, బకింగ్‌హామ్ కాలువలోంచి. పడవల కోసం పంతొమ్మిదో శతాబ్దంలో తవ్విన ఆ కాలువ ఇప్పుడు ఇన్‌లెట్టూ అదే, అవుట్‌లెట్టూ అదే. మన తీరంలో పోటుకూ పాటుకూ నీటిమట్టంలో తేడా మీటరు అటూ ఇటూ. అంటే పాటుకు మీరు వదిలిన నీళ్లు సముద్రం చేరకముందే పోటు వచ్చి వెనక్కి నెడుతుంది. ఎండాకాలం మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) ఇసుకతో పూడిపోతే ఆ కొద్ది కదలికా ఉండదు. అవే నీళ్లు అటూ ఇటూ ఊగుతూ, ఎండకు ఉప్పెక్కుతూ, గుంట నుంచి గుంటకు తిరుగుతుంటాయి.

తెల్లమచ్చ వైరస్ తగిలిన గుంట దగ్గర చేసే పని చూడండి. సరుకు చచ్చిపోతుందన్న కంగారులో రాత్రికి రాత్రి వల వేసి, పలకలు పూర్తిగా ఎత్తేసి నీళ్లు కాలువలోకి వదులుతారు. ఆ వైరస్ గుంట నీటిలో కనీసం మూడు నాలుగు రోజులు బతకగలదు. తెల్లారి పోటుకు కింద ఊళ్లో మోటారు వేసినవాడు దాన్ని తన గుంటలోకి తోడుకుంటాడు. పీతలకు ఫెన్సింగ్ కట్టడం, ఇన్‌లెట్‌కు 60 మెష్ (సన్నని జల్లెడ) సంచి కట్టడం, పక్షులకు తాళ్లు లాగడం అన్నీ అవసరమే, కానీ నీళ్లతోపాటే వచ్చేదాన్ని తాళ్లు ఆపలేవు. కొంగల మీద టపాసులు కాల్చేవాళ్లకు ఒక మాట: చెక్ ట్రే (మేత, రొయ్య ఎలా ఉన్నాయో చూసే పళ్లెం) కన్నా ముందు రోగాన్ని కనిపెట్టేది కొంగే. ఉన్నట్టుండి ఒక గుంట మీదే గుంపుగా దిగాయంటే అక్కడ రొయ్య తేలుతోందన్నమాట. తోలే ముందు నీళ్లు చూడండి. సరుకు పట్టేశాక ఆ నీళ్లను గుంటలోనే ఉంచి, బ్లీచింగ్ వేసి, కనీసం వారం నిలిపి, క్లోరిన్ పోయిందని కిట్‌తో చూసుకున్నాకే వదలాలి.

ఇవన్నీ కొత్త సంగతులు కావు. 1994-95లో తెల్లమచ్చ టైగర్ రొయ్యను ఊడ్చేసింది. 1996 డిసెంబరులో రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీకి తలుపు తెరిచినప్పుడే చదరపు మీటరుకు 60 పిల్లలు మించకూడదని, వాడిన నీళ్లు శుద్ధి చేశాకే వదలాలని షరతులు పెట్టారు. కాలువలోకి పోయే నీటిలో ఆక్సిజన్ 3 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, తేలే మడ్డి లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. షరతు సరైనదే. ఎకరం, రెండెకరాల రైతు ఒక్కడే దాన్ని పాటించలేడన్నదీ నిజమే.

అయితే మొత్తం నీళ్లను శుద్ధి చేయాల్సిన పనిలేదు. గుంట ఖాళీ చేసేటప్పుడు పైనుండే నీళ్లు కొంత మేలు, మడ్డి, కుళ్లు ఎక్కువగా ఉండేది ఆఖరి ఐదో వంతులోనే. దాన్ని ఆరేడు గంటలు కదలకుండా నిలిపితే మడ్డిలో పెద్ద భాగం అడుక్కు దిగుతుంది. ఎకరం గుంటకు ఆ ఆఖరి నీళ్లు పట్టాలంటే అదే లోతు ఇరవై సెంట్ల గుంట చాలు. ఒక కాలువ మీది పదిమంది రైతులు సరుకు పట్టే తేదీలు ఒకరి తర్వాత ఒకరు పెట్టుకుంటే పదిమందికీ ఆ ఇరవై సెంట్లే సరిపోతుంది. దిగిన మడ్డిని కాలువలోకి తోయకుండా గట్టు మీదికే ఎత్తాలి. వదిలేది పాటు మొదలైన గంటలో, తోడేది పోటు నిండిన వేళ, ఒకరు వదిలే రోజు కింది వాళ్లు మోటార్లు వేయకూడదు. దీనికి కావలసింది యంత్రం కాదు, ఒక నోటుపుస్తకం, ఊళ్లో నలుగురి మాట.

ఉప్పు విషయంలో నష్టపోయేది రొయ్య రైతు కాదు, గట్టుకు అవతల ఉన్న వరి రైతు. మట్టి ఉప్పుదనం మీటరుకు 3 డెసీసీమన్లు (ఉప్పును విద్యుత్ వాహకతతో కొలిచే ప్రమాణం) దాటితే వరి దిగుబడి ఒక్కో డెసీసీమన్‌కు నూటికి 12 చొప్పున పడిపోతుంది. 6కు చేరితే మూడో వంతుకు పైగా పోయినట్టే. సముద్రపు నీళ్లు 50 దగ్గర ఉంటాయి. మొలగొలుకులు పండిన జిల్లాలో వరి గట్టుకు ఆనించి ఉప్పుగుంట తవ్వడం, మధ్యలో ఊట పట్టే కాలువైనా లేకుండా తవ్వడం, ఏ పద్ధతో అర్థం కాదు. ఇసుక నేలల్లో దొరువుల (ఊట నీటి గుంటల) సంగతి ఇంకా సున్నితం. తీరపు ఇసుకలో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీళ్లు ఉంటే కింద నలభై మీటర్ల దాకా మంచినీళ్లే ఉంటాయి. గుంటలో ఉప్పు తగ్గించడానికి బోరుతో పైన ఒక మీటరు లాగేస్తే, కింద ఉప్పు నలభై మీటర్లు పైకి వస్తుంది. దొరువు నీళ్లతో నారుమడి పెట్టుకునేవాడికి ఆ లెక్క ఎవరూ చెప్పరు, నారు ఎర్రబడినప్పుడు తెలుస్తుంది.

కాబట్టి మీకు మా మనవి. రేట్ల పెట్టె పక్కన నాలుగు లైన్ల చోటు ఇవ్వండి. కాలువ మీద అల్లూరు, విడవలూరు, ముత్తుకూరు, కోట వైపు ఒక్కో చోటు, ప్రకాశం తీరంలో ఒకటి రెండు చోట్లు ఎంచుకుని, తెల్లవారుజాము 5 గంటలకు, మధ్యాహ్నం 3 గంటలకు కొలిచిన సెలినిటీ, ఆక్సిజన్, పీహెచ్, అమ్మోనియా అంకెలు వేయండి. కొలిచినప్పుడు పోటా, పాటా అన్నది తప్పకుండా రాయాలి, అది లేకపోతే అంకెకు అర్థం లేదు. ఏ కాలువ మీద వైరస్ గుంట ఖాళీ చేస్తున్నారో, రైతు పేరు లేకుండా ఊరి పేరు, తేదీ వేస్తే చాలు. పేరు వేస్తే ఎవరూ చెప్పరు. కొలిచే పని మత్స్యశాఖ ల్యాబులు చేయగలవు, ముత్తుకూరులోని మత్స్య కళాశాల విద్యార్థులకు ఇది చదువులో భాగమే అవుతుంది. రోజూ అక్కర్లేదు. నీళ్లు పెట్టుకునేవాళ్లు ఎదురుచూసేది అమావాస్య, పౌర్ణమి పోట్లకే కాబట్టి వాటికి రెండు రోజుల ముందు పేపర్లో పడితే మోటారు వేయాలో, ఇంకో రెండు రోజులు ఆగాలో గట్టు మీద నిలబడి తేల్చుకోవచ్చు.

ఇట్లు,
నీటి పరీక్షలు చేసే ఆక్వా టెక్నీషియన్లు,
అల్లూరు మండలం, నెల్లూరు జిల్లా